చలిలో సాగుడు

"ఇక్కడేనా, ఇంకాస్త కిందా?" అని అడిగాడు పెద్దోడు. అతని చేతిలో పెన్ను కాగితానికి వేలెడు ఎత్తున ఆగి ఉంది.

"ఎక్కడైనా ఒకటే. సంతకం అర్థమయ్యేట్టు పెట్టు," అన్నాడు మేనేజరు. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. నాలుగింటికి విచారణ అధికారిణి వస్తుంది. ఆవిడ వచ్చేసరికి ఈ కాగితం ఫైల్లో ఉండాలి.

సరిగ్గా అప్పుడే విరుపులమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. రెండంగల్లో బల్ల చేరి, మొగుడి చేతి కింద నుంచి కాగితాన్ని లాగేసింది. పెన్ను మొన తగిలి దాని మీద నీలం గీత ఒకటి పొడుగ్గా పడింది.

నిలబడే చదివింది. మూడే వాక్యాలు. ఆ రోజు మిశ్రమంలో రాతిపొడి మోతాదు మించి వేశాను. అందువల్లే కొండి విరిగింది. ఇది నా ఒక్కడి పొరపాటు.

"మీరు వేశారా?" అని అడిగింది మొగుణ్ణి.

"వేసే ఉంటాను."

"ఉంటాను ఏంటి? వేశారా, లేదా?"

"గుర్తు లేదు. ఆ రోజు పొద్దున అమ్మకి ఒంట్లో బాగాలేదని ఫోనొచ్చింది. సంచి వేసి, వేశానో లేదో అని మళ్ళీ ఒకటి వేసుంటాను." అతను తలెత్తలేదు. "లేకపోతే ఎందుకు విరుగుతుంది? నీ పరీక్షలో నెగ్గింది కదా. ఇంక మిగిలింది నా చేతులే."

బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఆ కొండి సగం ముక్క ఉంది. మిగతా సగం అధికారుల దగ్గరుంది.

కొండి అంటే పెద్ద అరచేయంత ఉంటుంది. రెసిన్‌లో పలుగురాతి పొడి కలిపి అచ్చులో పోసి ఆరబెడితే తయారవుతుంది. శీతల గిడ్డంగుల్లో పక్కకి జరిగే బరువైన తలుపులు అలాంటి రెండు కొండీల మీద వేలాడతాయి. ఇనుప కొండీలు మంచుకి తుప్పు పట్టి బిగుసుకుపోతున్నాయని మూడేళ్ళ కిందట ఈ కార్ఖానాలో వీటిని మొదలెట్టారు. తొమ్మిది రోజుల కిందట ఒక గిడ్డంగిలో, మైనస్ పాతిక డిగ్రీల గదికున్న తలుపుని ఎవరో విసురుగా తోశారు. అది చివరి అడ్డుకి కొట్టుకుని ఆగింది. ఆ కుదుపుకి ఒక కొండి విరిగింది. తలుపు ఒరిగి, కింద పెట్టెలు దింపుతున్న హమాలీ మీద పడింది.

ఆ హమాలీ పెద్దోడి తమ్ముడు చిన్నోడు. విరుపులమ్మకి మరిది.

మరిది అనడానికే గానీ, ఆమె కాపురానికొచ్చేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. ఎక్కాలు నేర్పింది. జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది. మొదటిసారి గడ్డం గీసుకుంటూ కోసుకుంటే దూది అద్దింది. విరుపులమ్మ అన్న పేరు పెట్టింది కూడా వాడే. కార్ఖానాలో ప్రతి మిశ్రమం నుంచీ పోసిన శాంపిల్ ముక్కల్ని యంత్రానికి బిగించి, విరిగేదాకా లాగడం ఆమె ఉద్యోగం. "మనం విరగ్గొడితే జీతంలో కోస్తారు, మా వదిన విరగ్గొడితే జీతమిస్తారు. రాసిపెట్టి ఉండాలి," అనేవాడు. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి కార్ఖానాలోకి పాకింది. ఇప్పుడు మేనేజరు కూడా అదే పేరుతో పిలుస్తాడు.

"చూడు విరుపులమ్మా," అన్నాడు మేనేజరు మెత్తగా. "ఒక్కరోజు మిశ్రమం, ముప్పై కొండీలు. వెనక్కి తెప్పిస్తాం, కొత్తవి పంపిస్తాం. అంతటితో సరి."

"సరి కాకపోతే? లోపం మిశ్రమంలో లేకపోతే?"

"శుభం పలకరా అంటే ఏదో అన్నట్టుంది నీ వరస. నాలుగొందల తలుపులు వేలాడుతున్నాయమ్మా మన కొండీల మీద."

"అందుకే అడుగుతున్నాను."

విరుపులమ్మ సంచి చేతిలోకి తీసుకుంది. "దీన్లోంచి చిన్న పెళ్ళ తీసి కాలుస్తాను. రెసిన్ కాలిపోతుంది, రాయి మిగులుతుంది. ఎంత పొడి వేశారో అదే చెబుతుంది. నాలుగింటి దాకా ఆగండి. పొడి ఎక్కువైతే ఆయన చెయ్యి పట్టుకుని నేనే పెట్టిస్తాను సంతకం."

మేనేజరు గడియారం వైపు చూశాడు. "నాలుగు కొడితే మాత్రం ఇంకేం వినను," అన్నాడు.

*

పరీక్షల గది పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఒక చివర డీప్ ఫ్రీజరు. ఇంకో చివర లాగుడు యంత్రం, నిలువెత్తు మనిషిలా. మధ్యలో కొలిమి, తూకం, సొరుగుల బీరువా. విరుపులమ్మ కొండిలోంచి సరిగ్గా పది గ్రాముల పెళ్ళ తీసి పింగాణీ గిన్నెలో వేసి కొలిమిలో పెట్టింది. గంట పడుతుంది.

పెద్దోడు స్టూలు మీద కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఈ మూడు రోజులుగా ఉన్న ఆ రెండు మాటలు కూడా మింగేసినట్టున్నాడు. మూడు రోజుల కిందట అన్నం ముందు కూర్చున్నప్పుడు తల్లి ఒక్క మాట అంది. గట్టిగా కూడా అనలేదు. "నువ్వు కలిపిన దాని కిందే పోయాడట కదరా." ఆ మాట ఇంట్లోకి ఎవరు మోసుకొచ్చారో తెలియదు. అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అప్పట్నుంచీ తల్లీకొడుకులు ఒకే కప్పు కింద ఉంటూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

"ఏమన్నా తిన్నారా?"

"ఆకలి లేదు."

"నా డబ్బా ఉంది అక్కడ. రెండు ముద్దలు తినండి."

"ముందు అది కాలనీ."

గంట గడిచాక పట్టకారుతో గిన్నె బయటికి తీసి చల్లార్చింది. నల్లటి పెళ్ళ పోయి తెల్లటి పొడి మిగిలింది. తూచింది. ఆరు గ్రాములు. నూటికి అరవై పాళ్ళు. పోయాల్సిన మోతాదు సరిగ్గా అంతే.

"అరవై," అంది.

"మళ్ళీ తూచు."

తూచింది. మూడోసారి అతనే లేచి వచ్చి తన చేత్తో తూచాడు. అంకె కదల్లేదు. అతను తూకం బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. భుజాలు మాత్రం అదిరాయి. చాలాసేపటికి, "వేశాను కదే సరిగ్గానే," అన్నాడు. "రెండోసారి వెయ్యలేదు."

"వెయ్యలేదు."

ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆ ఇంటి మీదున్న బరువు ఇసుమంత తగ్గినట్టనిపించింది. కానీ అది నిలవలేదు. పొడి సరిగ్గా ఉంటే కొండి ఎందుకు విరిగింది?

ఆమె భూతద్దం తీసుకుని, సంచిలో మిగిలిన ముక్కని దీపం కిందికి తెచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని చూడటానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చూసింది.

నెమ్మదిగా లాగితే, గది వేడిలో, ఈ సరుకు ఎలా విరుగుతుందో ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. విరిగేముందు సాగుతుంది. సాగేటప్పుడు రెసిన్ రాతి గింజల్ని వదిలేసి వాటి చుట్టూ జారుతుంది. జారిన చోటల్లా కంటికి ఆనని ఖాళీలు ఏర్పడి ముక్క తెల్లబడుతుంది. విరిగిన మొహం గరుకుగా, గింజలు బోడిగా పొడుచుకొచ్చి ఉంటుంది.

ఈ మొహం అలా లేదు. సీసా పెంకులా నున్నగా మెరుస్తోంది. తెలుపన్నది మచ్చుకైనా లేదు. చీలిక గింజల్ని తప్పుకుని పోలేదు, వాటిని కూడా కోసుకుంటూ పోయింది.

చలికి గట్టిపడితే ఇలాగే విరుగుతుందేమో అనుకుంది. మరి ఆమె ప్రతి మిశ్రమాన్నీ చలిలో కూడా పరీక్షించింది కదా. మైనస్ పాతికలో. ఆ ముక్కల మొహాలూ ఇలాగే ఉండాలి.

బీరువా దగ్గరికి నడిచింది. ప్రతి మిశ్రమానికీ సొరుగులో రెండు పొట్లాలుంటాయి, ఒకటి గది వేడిలో విరిచినవి, ఒకటి చలిలో విరిచినవి. ఆ మిశ్రమం తాలూకు చలి పొట్లం విప్పింది.

తెల్లగా ఉన్నాయి. గరుకుగా, గింజలు పొడుచుకొచ్చి, అచ్చం గది వేడిలో విరిచినవాటిలా.

దాని ముందుది విప్పింది. తెలుపు. ఇంకోటి. తెలుపు. పదకొండు పొట్లాలు విప్పి ఆగింది. మూడేళ్ళుగా ఇవన్నీ తన చేతుల మీదుగానే పొట్లాల్లోకి వెళ్ళాయి. చూసింది, చుట్టింది, సొరుగు మూసింది.

"ఏమైంది?" అన్నాడు పెద్దోడు.

"ఈ ముక్కలకి చలి ఎలా ఉంటుందో తెలీదు."

"అర్థం కాలా."

ఆమె యంత్రం పిడికి వేలాడుతున్న తువ్వాలు వైపు చూపించింది.

ఆ తువ్వాలు పాత మేస్త్రి దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. ఆమెకి పని నేర్పినవాడు ఆయనే. ఆయన కాలంలో ఇక్కడ అన్నీ ఇనుప ముక్కలే. ఫ్రీజరులోంచి తీసిన ముక్క మీద మంచు నూగు పడుతుంది. మంచుతోనే బిగిస్తే యంత్రం దవడల్లోంచి ముక్క జారిపోతుంది, పరీక్ష పాడవుతుంది. అందుకని తువ్వాల్లో చుట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, మంచు కరిగి ఆరాకే బిగించాలి. "నా దవడల్లోంచి ముక్క జారడమంటే నా పరువు జారడమే," అనేవాడు మేస్త్రి. ఇనుముకి అది చెల్లింది. ఆయన లాగిన ఇనుము ఆ కాస్త వెచ్చదనానికి పెద్దగా మారదు. రెసిన్ అలా కాదు, నిమిషంలో మెత్తబడుతుంది. ఆ పైన యంత్రం నెమ్మదిగా నాలుగు నిమిషాలు లాగుతుంది. ముక్క విరిగేసరికి దానికి గది వేడే వచ్చేస్తుంది. ఆమె మాత్రం ఫ్రీజరు తలుపు మీది అంకె చూసి, కాగితం మీద మైనస్ పాతిక అని రాసింది. ఆ పక్కన 'చలిలో సాగుడు' అన్న గడిలో వచ్చిన కొలత వేసింది. మేస్త్రి శిష్యురాలు కదా, మూడేళ్ళలో ఒక్క ముక్క జారనివ్వలేదు.

పెద్దోడు తువ్వాలునే చూస్తూ ఉండిపోయాడు.

"అనుకోవడం వేరు, చూడటం వేరు," అంది ఆమె. "రెండు ముక్కలు మిగిలాయి ఆ మిశ్రమానివి."

యంత్రానికున్న దవడలు విప్పింది. అదనపు జత ఒకటి ఉంటే అదీ తీసింది. ముక్కల్ని ముందే దవడల్లో గట్టిగా బిగించి, దవడలతో సహా ఫ్రీజరులో పెట్టింది. నలభై నిమిషాలు. ఫ్రీజరు మోటారు ఆగినప్పుడల్లా గది ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది.

మొదటి ముక్కని ఎప్పట్లాగే నెమ్మదిగా లాగింది. తన పాత కొలతల్లో సగమే సాగింది. రెండోదానికి యంత్రం వేగం చివరిదాకా తిప్పింది, తలుపు అడ్డుకి కొట్టుకున్నప్పుడు గుంజినట్టు. మీట నొక్కింది.

చిటికె వేసినంత చప్పుడు. అంతే.

తెర మీద గీత నిటారుగా పైకి పోయి తెగిపోయింది. బరువు తక్కువేం మోయలేదు, నిజానికి ఇంకాస్త ఎక్కువే మోసింది. సాగలేదు. పాత కొలతలో అయిదో వంతు కూడా సాగలేదు. కుదుపుని మింగేది బలం కాదు, సాగుడు. ఆమె దవడల్లోంచి ముక్క తీసి కొండి పక్కన పెట్టింది. రెండు మొహాలూ ఒకేలా మెరుస్తున్నాయి. కవల పిల్లల్లా.

మూడూ యాభై అయింది.

"ఈ తువ్వాలు సంగతి ఎవరెవరికి తెలుసు?" అన్నాడు పెద్దోడు నెమ్మదిగా.

"నాకు. ఇప్పుడు మీకు."

"అయితే ఇక్కడితో ఆపేద్దాం. నేను పోయి సంతకం పెట్టేస్తాను."

"పొడి సరిగ్గా వేశారని తెలిశాక కూడానా?"

"నాకు తెలిసింది. చాలు నాకది." అతను ఆమె వైపు చూశాడు, తొమ్మిది రోజుల్లో మొదటిసారి సూటిగా. "అమ్మ నన్ను అననే అంది. మునిగినవాడికి చలేంటి? నిన్ను కూడా అంటుంటే నేను వినలేను. వాడు నీ చేతుల్లో పెరిగాడు."

"మరి ఆ నాలుగొందల తలుపులు?"

అతని చూపు బల్ల మీది కొండి ముక్క మీదికి పోయింది.

"వాటి కింద కూడా ఎవరో ఒకళ్ళు పెట్టెలు దింపుతూ ఉంటారు," అంది ఆమె. రెండు ముక్కలూ, కొండీ, పదకొండు పొట్లాలూ ఒక ట్రేలో సర్దింది. తువ్వాలు కూడా మడిచి పెట్టింది.

*

అధికారిణి నడివయసు మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది, ఇది ఎవరిదో ఇల్లన్నట్టు. మేనేజరు ఆమె ముందు టీ పెట్టించాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

విరుపులమ్మ ట్రే బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పింది. బడిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నెమ్మదిగా లాగితే రెసిన్‌కి సర్దుకునే వ్యవధి ఉంటుంది. ఒక్కసారిగా గుంజితే ఉండదు. చలి కూడా అదే పని చేస్తుంది, దాన్ని బిర్రబిగిసేలా చేస్తుంది. రెండూ కలిస్తే సుద్దముక్క ఎంతో అదీ అంతే. మిశ్రమంలో లోపం లేదు. పరీక్షలో ఉంది.

మేనేజరు కాలు కాలిన పిల్లిలా కిటికీకీ బల్లకీ మధ్య తిరుగుతున్నాడు.

అధికారిణి ఒక మెరిసే ముక్కనీ, ఒక తెల్ల ముక్కనీ పక్కపక్కన పట్టుకుని చూసింది. "అంటే ఈ కాగితం మీద చలిలో ఇంత సాగుతుందని రాసి ఉన్నది నిజం కాదు."

"కాదు."

"అయితే ఈ ఒక్క మిశ్రమమే కాదు, మీరు పంపిన కొండీలన్నీ..."

"అన్నీ. ముందు ఆ తలుపులన్నీ ఆపించండి మేడం. తక్కింది తర్వాత మాట్లాడుకుందాం."

ఆవిడ లేచి వరండాలోకి పోయి రెండు ఫోన్లు చేసింది. తిరిగొచ్చి కూర్చుంది. తర్వాత తన పుస్తకం తీసి పేజీలు తిప్పింది.

"ఆ గిడ్డంగిలో హమాలీలు ఒక మాట చెప్పారు. నాకప్పుడు అర్థం కాలేదు. రాతిపొడి కొండీలంటే వాళ్ళకి భయమట. ఆ తలుపు కింద ఎవరూ నిలబడేవాళ్ళు కాదట, అవతలి దారిలో చుట్టూ తిరిగి పోయేవాళ్ళట. ఆ పోయిన కుర్రాడు మాత్రం దాని కిందే బండి నిలిపేవాడట." ఆవిడ రాసుకున్నది చూసి చదివింది. "మా వదిన విరగ్గొట్టి చూడనిదేదీ బయటికి రాదు, ఈ తలుపు కింద చాప వేసుకుని పడుకుంటాను, అనేవాడట."

ఆవిడ పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఈ పరీక్ష ఎవరు చేశారు?" అంది అధికారిణి.

"యంత్రం పాతదండీ," అన్నాడు పెద్దోడు ఉన్నట్టుండి. ఇంతసేపట్లో అతను మాట్లాడింది అదే. "బాగా పాతది."

మేనేజరు ఆ మాటని గాల్లోనే అందుకున్నాడు. "అవునవును మేడం, యంత్రమే. దాని చుట్టూ చలిపెట్టె ఉండాలి అసలు, మనకి లేదు. యంత్రం లోపమని రాసుకోండి. మనుషులన్నాక..."

"చలిపెట్టె కావాలని నేనెప్పుడూ అడగలేదు సార్," అంది విరుపులమ్మ. "అడగాలని తోచలేదు."

అధికారిణి పెన్ను తెరిచింది. "అయితే ఎవరని రాయను?"

"రాసుకునేముందు నేను ఇంటికి ఒక్క ఫోను చేసుకోవాలి మేడం. మా అత్తగారు ఇంకొకరి నోటి నుంచి వినకూడదు."

పెద్దోడు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. పట్టుకోనిచ్చి, రెండో చేత్తో నంబరు నొక్కింది. అవతల చాలాసేపు మోగింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, వంటింట్లోంచి ఫోను దగ్గరికి రావాలంటే గోడ పట్టుకుని రావాలి.

"ఎవరూ?"

"నేనే అత్తయ్యా. కూర్చోండి. కూర్చున్నారా?"

"ఊఁ."

"మీ పెద్దబ్బాయి కలపడంలో తప్పేం లేదు. కాల్చి చూశాను, మూడుసార్లు తూచాం. సరిగ్గా ఎంత పొయ్యాలో అంతే పోశారు. మీ కొడుకు చేతుల్లో తప్పు లేదు, అత్తయ్యా."

అవతలి నుంచి ఊపిరి వినపడింది. ముసలి ఊపిరి, అడుగడుక్కీ ఆగుతూ. ఆ తర్వాత ఏడుపు. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న ఏడుపు. ఆమె ఆగేదాకా విరుపులమ్మ ఆగింది.

"మరి ఎవరమ్మా?" అంది అత్తగారు. "ఎవరు చేశారు నా బిడ్డని ఇట్లా?"

పెద్దోడి పట్టు బిగిసింది. విరుపులమ్మ కళ్ళు మూసుకోలేదు. బల్ల మీది ముక్కల్నే చూస్తూ, ఎవరికీ అర్థం కాకుండా పోకూడదన్నట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

"చలిలో పరీక్షించకుండా పరీక్షించానని రాసి పంపింది నేను. తెలిసి కాదు, అయినా రాసింది నేనే. చిన్నోణ్ణి చంపింది నేను, అత్తయ్యా."